పేరు కొట్టించని జాడీ

మా అత్తగారింట్లో పేరు లేని గిన్నె ఉండదు. చెంబు మీద పేరు, పళ్ళెం మీద పేరు, చివరికి ఉప్పు వేసుకునే చిన్న చెంచా మీద కూడా ఇంటిపేరుతో సహా మా మామగారి పేరు. స్టీలు సామాన్ల అంగట్లో ఏది కొన్నా, అక్కడే ఓ మూల మిషను పెట్టుకుని కూర్చున్న మనిషి చేత గిర్రున పేరు కొట్టించుకోవాలి. లేకపోతే ఆ సామాను ఇంకా అంగడిదే అని మా వాళ్ళ నమ్మకం. పెళ్ళికో పేరంటానికో ఇచ్చేదైతే ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, సందర్భం అన్నీ పడాలి. మా ఇంట్లో కొన్ని గిన్నెలు చదివి ముగించేలోపు అందులోని పాలు చల్లారిపోతాయి.

నాకు చదవడం రాని కాలంలో అవి పేర్లని తెలుసు. ఎవరివో తెలియదు. నా కంటికి అవి తీగల్లా కనిపించేవి. బూడిద, చింతపండు వేసి తోముతూ, ఈ తీగ భలే మెలికలు తిరిగిందే అని మెచ్చుకునేదాన్ని కూడా. యాభై దాటాక, మా పుత్తూరు వీధి బడి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. పుస్తకం కంటే ముందు నేను చదివింది మా వంటిల్లు. తీగలన్నీ మగవాళ్ళయిపోయాయి.

ఒక్క పెద్ద అండా మాత్రం తేడాగా తేలింది. అది తన పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన అండా అని మా అత్త నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చెబుతోంది. నీళ్ళు కాచుకునే ఇత్తడి అండా, అంచు మీద ఓ సొట్ట. ఒకరోజు దాన్ని తోముతూ కూడబలుక్కుని చదివాను. అది మా అత్త నాయన పేరు కాదు.

"అత్తా, ఇది కార్వేటినగరం మేస్త్రీ ఎవురిదో మాదిరి ఉండాదే?"

మా అత్త తమలపాకు మడుస్తూ తలెత్తలేదు. "సదువొస్తే ఇట్టాంటివే కనబడతాయి. తోముమే."

ఆ మేస్త్రీది మా అత్త పుట్టింటి పక్కిల్లని తర్వాత తెలిసింది. ఏ పెళ్ళికి అడిగి తెచ్చుకున్నారో, తిరిగి ఇవ్వడానికి మంచి ముహూర్తం ఇంకా దొరకలేదు.

ఇలాంటి ఇంట్లోకి పేరు లేని జాడీ ఒకటి వచ్చింది. తెచ్చింది నేను.

శ్రీ సిటీలో ఓ జపాను కంపెనీ వాళ్ళ గెస్టు హౌసులో కొన్నేళ్ళు వంట చేశాను. తెల్లారకముందే కంపెనీ బస్సు, సత్యవేడు మీదుగా. కారం లేకుండా కూర ఎలా చేయాలో నేర్చుకోవడం అక్షరాలు నేర్చుకోవడం కంటే కష్టమైంది. అక్కడి మేనేజరు భార్యను మేమందరం జపానమ్మ అనేవాళ్ళం. ఆవిడకు తెలుగు రాదు, నాకు జపాను రాదు. మా ఇద్దరి మధ్య ఆవిడ ఫోను మాట్లాడేది. ఆవిడ తన భాషలో చెబితే అది తెలుగులోకి మార్చి, రేడియో వార్తల గొంతుతో వినిపించేది. చిక్కుడుకాయలు ఒలుద్దామా అని అడగడానికి కూడా ఆ ఫోను ప్రభుత్వ ప్రకటనలాగే అడిగేది.

ఆవిడ హాల్లో ఓ అద్దాల బీరువా నిండా పింగాణీ సామాను. పళ్ళేలు, గిన్నెలు, మూతల జాడీలు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, బంగారు గీతలు. వీటిలో ఎప్పుడు తింటారని అడిగాను. ఆవిడ నవ్వి ఏదో చెప్పింది. ఫోను గొంతు సవరించుకుంది. "ఈ వస్తువులు వీక్షణ నిమిత్తము ఉద్దేశింపబడినవి."

చూడ్డానికట. బీరువా నిండా గిన్నెలు పెట్టుకుని, ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తింటూ, వాటిని చూస్తుందట. మంచి మనిషే, పాపం ఏదో లోపం ఉంది అనుకున్నాను.

తర్వాత చిక్కుడుకాయలు ఒలుస్తూ, చేపలు కడుగుతూ, ఆ ఫోను పుణ్యమా అని ఒక్కో ముక్కా విన్నాను. ఆవిడది కుండలు చేసే ఊరు. మన కుండల్లాంటివి కావు. మట్టి అనుకున్నాను, మట్టి కాదట, రాయి. ఆ ఊరి కొండలో తెల్లరాయి దొరుకుతుంది. దాన్ని పిండిగా దంచి, నీళ్ళలో కలిపి, తేర్చి, ముద్ద చేస్తారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ రాయిని కనిపెట్టింది కొరియా దేశం నుంచి వచ్చిన కుమ్మరులట. ఎందుకొచ్చారని అడిగాను. "ఆహ్వానింపబడిరి" అంది ఫోను. జపానమ్మ నా మొహం చూసింది. ఫోనులో మళ్ళీ మాట్లాడింది. ఈసారి ఫోను గొంతు కొంచెం తగ్గింది. "యుద్ధములో పట్టి తేబడిరి." సరే. మర్యాద చేసి పిలిపించుకున్నారు, ఓడ కూడా పిలిచినవాళ్ళదే.

జపానమ్మ వాళ్ళమ్మ ఆ ఊళ్ళో ఓ బట్టీలో బొమ్మలకు రంగు నింపే పని చేసేదట. బొమ్మ చుట్టూ సన్నగా గీత గీసేది ఒకరు. ఆ గీత లోపల నీలం నింపేది ఇంకొకరు. ఆ నింపే పని పాతకాలం నుంచీ ఆడవాళ్ళదే. లావుపాటి కుంచె, అందులో నీళ్ళలా పలచగా రంగు. వేళ్ళతో కుంచెను నొక్కుతూ, వదులుతూ, గీత దాటకుండా, ఎక్కడా మడుగు కట్టకుండా నడిపించాలి. తమాషా ఏమిటంటే, వేసేటప్పుడు ఆ నీలం నీలంగా ఉండదు. బూడిద నలుపుగా ఉంటుంది. నిప్పుల్లోకి వెళ్ళి వస్తే గానీ అది నీలమని ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ గోళ్ళు ఎప్పుడూ మసిగానే ఉండేవట.

మన కాళహస్తిలో గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు వేసేచోటా ఇంతే. గీత గీసినాయన పేరు బొమ్మ కింద పడుతుంది, రంగులు నింపిన ఆడవాళ్ళు మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం వండుతారు. నగరిలో మగ్గం చీరలకూ ఇంతే, కండెలు చుట్టినవాళ్ళ పేరు ఏ చీర అంచు మీదా ఉండదు. ఇది విన్నాక నాకు జపాను దేశం కొత్తగా అనిపించడం మానేసింది.

ఒట్టి కుండను ఒకసారి కాలుస్తారు. నీలం వేసి, పైన గాజు పూత పోసి, పెద్ద మంటలో మళ్ళీ కాలుస్తారు. నీలం ఆ పూత కింద ఉండిపోతుంది. ఎరుపూ ఆకుపచ్చా పూత పైన వేసి తక్కువ మంటలో ఇంకోసారి. ఆ ఎరుపు ఎలా కలపాలో ఓ కాలంలో పెద్ద రహస్యం. రంగులు వేసేవాళ్ళందరినీ ఒకే వీధిలో పెట్టి, ఇంటికి ఒక్క కొడుక్కే చెప్పాలని అక్కడి రాజు కట్టడి చేశాడట. బంగారం అన్నిటికంటే ఆఖర్న, అన్నిటికంటే సన్నని మంటలో. అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. గట్టిగా తోమితే ముందు పోయేదీ అదే.

ఆ సామాను ఇమారి అనే రేవు నుంచి బయల్దేరి, ఒలందా వాళ్ళ, అదే డచ్చివాళ్ళ, ఓడలెక్కి, ఐరోపా రాజుల మేడలకు చేరేదట. అక్కడ గదులకు గదులు వీటితో నింపి రాజులు వీక్షించేవాళ్ళట. శ్రీ సిటీకి దగ్గర్లోనే ఉన్న పులికాట్‌లో కూడా ఒలందా వాళ్ళకు కోట ఉండేది. ఆ ఓడల్లో ఒకటో రెండో ఇటు వచ్చే ఉంటాయి, జాడీలు దిగే ఉంటాయి. దిగినవాటిలో మన ఆడవాళ్ళు నిమ్మకాయ ఊరగాయ పెట్టి ఉంటారు. అందుకే చరిత్రలో ఆనవాళ్ళు లేవు.

జపానమ్మ వెనక్కి వెళ్ళిపోయేటప్పుడు నాకు ఓ జాడీ ఇచ్చింది. మా స్నేహం అలాంటిదని చెప్పుకోవాలని నాకూ ఉంది కానీ, ఆవిడ పెట్టె బరువు ఎక్కువైందని నేను కళ్ళారా చూశాను. అయినా బీరువాలో అన్ని ఉండగా ఆవిడ తీసింది ఆ జాడీనే. వాళ్ళమ్మ పని చేసిన బట్టీది. మూరెడు కూడా ఉండదు. మూత మీద ఎరుపు, బంగారు పువ్వులు. ఒక పక్క పూలకొమ్మ, కింద రెండు పిట్టలు. అడుగున చుట్టూ నీలం పట్టీ. మిగతాదంతా తెలుపు. ఆ తెలుపును చేత్తో నిమిరి ఆవిడ చెప్పింది, బొమ్మ వేయడం కంటే అక్కడ వేయకుండా ఆగడం కష్టమని. తర్వాత నీలం పట్టీ మీద వేలు పెట్టి "అమ్మ" అంది. తెలుగులోనే అంది. ఫోను అవసరం రాలేదు.

మా అలవాటు కొద్దీ నేను జాడీ తిరగేసి అడుగు చూశాను. నీలంతో ఏవో అక్షరాలు. మీ అమ్మ పేరా అన్నాను. కాదట. పాతకాలం చైనా రాజు ఏలుబడి పేరట. చైనా సామానుకు గొప్ప ఎక్కువని, ఆ రోజుల్లో జపాను వాళ్ళు తాము చేసినవాటి అడుగున చైనా రాజు ముద్ర వేసుకునేవాళ్ళట, ఇప్పటికీ అలవాటుగా వేస్తారట. నాకు మా మేస్త్రీ అండా గుర్తొచ్చి, ఆవిడ ముందే పడీ పడీ నవ్వాను. ఎందుకు నవ్వానో ఫోనుకు చెప్పలేకపోయాను.

జాడీ ఇంటికి రాగానే మా అత్త మూత తీసి లోపలికి చూసింది.

"ఒట్టిది ఇచ్చిందా? పావు సేరు చక్కెరైనా ఎయ్యకుండా?"

"వాళ్ళల్లో అట్టా ఎయ్యరత్తా."

"ఎంత లేనోళ్ళో పాపం. దీంట్లో ఏం ఎయ్యాల?"

"ఏం ఎయ్యొద్దు. సూడ్డానికి."

మా అత్త నన్ను చూసింది. జాడీని చూసింది. "దీన్ని సూసేదానికి ఈడ ఎవురు ఖాళీగా ఉండారు?"

మర్నాడు ఊరగాయకని కడిగి ఎండబెట్టబోతుంటే లాక్కున్నాను. ఆ పై వారం చింతపండుతో తోమి బంగారాన్ని ఇంకాస్త మెరిపించబోతుంటే లాక్కున్నాను. మా ఆయనకు బజారులో పశువుల దాణా అంగడి. ఆయన దాన్ని అంగడిలో పెట్టి చిల్లర వేసుకుంటానన్నాడు. ఆ ఇంట్లో నేను వచ్చినప్పటి నుంచీ ఏ వస్తువూ, ఏ మనిషీ పని లేకుండా ఉండగా ఎవరూ చూసి ఎరగరు. నాకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి, ఎవరికీ దేనికీ పనికిరాకుండా, ఊరికే, నాదిగా ఉండాలనిపించింది. ఇది పెద్ద కోరిక అని నాకు అప్పుడు తెలియదు.

తెలియజేసింది మా ఆడబిడ్డ. మా ఆయన చెల్లెలు. నగరిలో మరమగ్గాల ఇల్లు, మూడంతస్తులు కొత్తగా కట్టారు. గృహప్రవేశానికి పిలవడానికి వచ్చి, బొట్టు పెట్టి, కాఫీ తాగి, జాడీ చూసింది. చూసిందంటే, చూడ్డమే పనిగా చూసింది.

"వదినా, ఇది మా హాల్లో టీవీ పక్కన పెడితే ఎంత లచ్చనంగా ఉంటాదో!"

"టీవీ కూడా లచ్చనంగానే ఉంటాదిలే" అన్నాను.

"నీకేంటికి వదినా ఇట్టాంటివి? నువ్వు బియ్యం ఏరుకుంటా దీన్ని సూస్తావా?"

మా ఆయన వెంటనే ధర్మరాజయ్యాడు. "తీసకపోమ్మా. కాదులే, ఇప్పుడొద్దు. గృహప్రవేశం రోజు మేమే తెచ్చి పెడతాం. నలుగురూ సూస్తారు."

తన చొక్కా ఇచ్చినంత సులువుగా ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆయనతో అన్నాను. "అది నాకిచ్చింది. నీ చెల్లెలికి మంచి అండా కొనిద్దాం."

"నీకిస్తే ఏంది, నాకిస్తే ఏంది? మాటిచ్చినా. దాని అత్తగారోళ్ళందురికీ ఫోన్లు జేసి సెప్పేసినాది, మా అన్న జపాను జాడీ పెడతాండాడని."

అప్పటికి జాడీ నా చేతుల్లోంచి సగం వెళ్ళిపోయింది. మిగతా సగం తిరుపతిలో పోవలసి ఉంది. ఎందుకంటే మా ఆయనకు ఒక సంగతి నిద్ర పట్టనివ్వలేదు. జాడీ మీద పేరు లేదు.

"పేరు కొట్టించకుండా ఇస్తే ఎవురిచ్చినారని తెలుస్తాది? రేపు దాని మరిది పెండ్లాం మేమిచ్చినామంటే?"

"అది పింగాణీ. పగులుతాది."

"ఇప్పుడొచ్చిన మిషన్లు శానా నున్నగా కొడతాయి. నీకేం తెలుసు."

నాకేం తెలుసు. నేను జాడీని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, తిరుపతి బస్సెక్కాను. ఆయన ఒక్కడి చేతికి ఇచ్చి పంపితే బస్సులో పై అరలో పెడతాడు.

గోవిందరాజస్వామి గుడి దగ్గరి వీధిలో స్టీలు సామాన్ల అంగడి. పేర్లు కొట్టేమనిషి మెట్టు మీద కూర్చుని, ఎవరిదో పెళ్ళి బిందెలకు వరసగా కొడుతున్నాడు. మా వంతు వచ్చింది. మా ఆయన కాగితం అవసరం లేకుండా గడగడా చెప్పాడు. ఇంటిపేరు, తన పేరు, దంపతులు, పుత్తూరు, గృహప్రవేశ శుభాకాంక్షలతో. ఆ దంపతుల్లో నేనూ ఉన్నాను, వెతికితే.

"ఇంత యాడ పట్టిచ్చేదప్పా?" అన్నాడు ఆ మనిషి జాడీని తిప్పుతూ.

"ఈ పిట్టల పైన సూడు. ఈడంతా ఊరికే ఇడిసిపెట్టినారు."

వేయకుండా ఆగడానికి ఆ ఊళ్ళో ఎన్ని తరాలు పట్టిందో జపానమ్మ చెప్పింది. మా ఆయనకు అరనిమిషం కూడా పట్టలేదు.

"ఇది స్టీలు కాదప్పా. సూది నిలబడదు" అన్నాడు పేర్లు కొట్టేమనిషి.

"నువ్వు గెట్టిగా ఒత్తు అబ్బా!"

అతను ఒత్తాడు. మిషను స్టీలు మీద గుర్రుమంటుంది, ఈ గాజుపూత మీద కీచుమంది. సూది జారి పక్కకు పోయింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి టక్కున చిన్న చప్పుడు. ఇంటిపేరు మొదటి అక్షరం మొదలవ్వాల్సిన చోట బియ్యపు గింజంత పెచ్చు లేచి, ఎగిరి, పక్కనున్న బిందెలో పడింది.

ఆ బిందెల వాళ్ళు బిందెలోకి తొంగి చూశారు.

"నేను సెప్పినా గదప్పా" అన్నాడు పేర్లు కొట్టేమనిషి.

మా ఆయన బిందెలోంచి ఆ పెచ్చు ఏరి, ఎంగిలితో తడి చేసి, మళ్ళీ అక్కడ అంటించబోయాడు. అది ఆయన వేలికే అంటుకుంది. నేను జాడీ తీసుకుని తువ్వాల్లో చుట్టాను. తిట్టాలని చాలా మాటలు వచ్చాయి, కానీ ఆయన ఆ వేలిని పైకెత్తి పట్టుకుని, ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. బస్సులో కూడా ఆ వేలు అలాగే పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే మా అత్త ఆ చోటును గోటితో తడిమింది. కోర్టు తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"పెచ్చు లేసింది. ఇంక ఇది మంచికి గడప దాటి పోగూడదు. కొత్తింట్లోకి పగిలింది పెడతారా ఎవురైనా?"

ఆడబిడ్డకు ఫోను చేశారు. నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. అవతలి గొంతు నాకూ వినబడింది.

"వద్దులే అన్నా! మా అత్త సూస్తే ఇంకేమన్నా ఉండాదా? అది మీ ఇంట్లోనే పెట్టుకోండి. అట్నే ఒక అండా తీసుకోరాండి. పెద్దది."

పెద్దదే ఇచ్చాం. ఇంటిపేరు, పేరు, దంపతులు, ఊరు, శుభాకాంక్షలు, అన్నీ ఒక్క తప్పు లేకుండా పట్టాయి. గృహప్రవేశానికి వచ్చిన నలుగురూ చూశారు. ఇప్పుడు వాళ్ళ మేడ మీద దాంట్లో ఇల్లు కట్టగా మిగిలిన సున్నం ఉంది.

ఇంక జాడీ సంగతి మిగిలింది. పెచ్చు లేచింది ఇంట్లో కూడా ఉండకూడదని, తీసుకెళ్ళి చెత్తకుప్ప మీద పెట్టమని మా అత్త అంది. పెరట్లోకి వెళ్ళి మేస్త్రీ అండా కూడా దొర్లించుకొచ్చాను.

"దీనికి కూడా అంచు సొట్టబోయినాది గదత్తా. రెండూ కలిపి తీసకపోతా. లేదంటే దీన్ని కార్వేటినగరం పంపిస్తామా? పేరు సదివి అడ్రసు కనుక్కుంటా."

మా అత్త తమలపాకు నమలడం ఆపింది. నాకు అక్షరాలు చెప్పిన పంతులమ్మను మనసులో ఏమని తిట్టుకుందో నాకు తెలియదు.

"యాడన్నా పెట్టుకో పోమే. వంటింట్లో మాత్రం వద్దు. దేవుని గదిలో వద్దు. వచ్చినోళ్ళ కండ్లబడే సోట అసలొద్దు. దాంట్లో తినేది ఏదీ ఎయ్యబాక."

అలా ఆ జాడీ ఊరగాయకు పనికిరాకుండా, పూజకు పనికిరాకుండా, చిల్లరకు, టీవీకి, బంధువులకు పనికిరాకుండా పోయింది. ఇంతకంటే నేను అడిగింది మాత్రం ఏముంది? నా మంచం పక్క కిటికీలో పెట్టాను. మధ్యాహ్నం అక్కడే కూర్చుని పేపరు కూడబలుక్కుంటాను. కళ్ళు నొప్పి పుట్టినప్పుడు నీలం పట్టీని చూస్తాను. పిట్టల పైన తెలుపులో బియ్యపు గింజంత గరుకు. మా ఆయన పేరు ఆ జాడీ మీద అంతవరకే ఉంది.

మా అత్త ఆ కిటికీ వైపు రానని శపథం చేసింది. రెండు మూడు రోజులు పాటించింది కూడా. తర్వాత ఓ మధ్యాహ్నం గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, మంచం అంచున కూర్చుంది.

"ఇప్పుడైనా దాంట్లో ఏమన్నా ఏసినావా?"

"ఏం లేదత్తా."

"ఏం లేకుండా ఎట్టుంటాది?" మూత తీసి లోపలికి చూసింది. మూత పెట్టింది. బయట చేత్తో తడిమి, ఆ పిట్టలు కాకుల్లా ఉన్నాయంది.

మరుసటి మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది, లోపల ఏమైనా ఉందేమో చూసిపోదామని. ఇప్పుడు రోజూ వస్తోంది.